ఎజెక్ట్ అంటే హార్డ్ డిస్క్ వదలదు, వదిలాక మళ్లీ కనపడదు. ఏం చేయాలి?

గుణుపురం_స్టూడియో · గురువారం ఉదయం 10:12

అందరికీ నమస్కారం. గుణుపురంలో మాది ఫొటో స్టూడియో. పెళ్లిళ్ల సీజన్ కదా, రోజూ కెమెరా కార్డుల్లోంచి ఫొటోలు, వీడియోలు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి దించుతాం. ఆల్బమ్ డిజైనింగ్ విశాఖపట్నంలో చేయిస్తాం. అంత డేటా ఇక్కడి నెట్ మీద ఎక్కించడం అయ్యే పని కాదు కాబట్టి డిస్క్‌నే రైల్లో పంపిస్తాం.

ఇబ్బందులు రెండు. టాస్క్‌బార్ మూల గుర్తు మీద నొక్కి ఎజెక్ట్ అంటే, డివైస్ వాడుకలో ఉంది, ప్రోగ్రాములు మూసి మళ్లీ ప్రయత్నించండి అని వస్తోంది. కనిపించే ప్రోగ్రాములన్నీ మూసేసినా అదే మాట. ఇక ఎప్పుడైనా ఎజెక్ట్ అయిందనుకోండి, ఏదో ఫోల్డర్ మిగిలిపోయిందని గుర్తొచ్చి తెరుద్దామంటే డ్రైవ్ మాయం. డిస్క్ లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది.

ల్యాప్‌టాప్ విండోస్ 11. డిస్క్ 2 టీబీ, వేరే అడాప్టర్ లేని చిన్న రకం, ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్. రేపు విశాఖ పాసింజర్‌లో మా తమ్ముడు పట్టుకెళ్లాలి. రెండు కుటుంబాల పెళ్లిళ్లు అందులోనే ఉన్నాయి. టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

కాశీనగర్_నెట్‌సెంటర్ · 10:30

దీనికి టెన్షన్ ఎందుకన్నా? 2018లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి క్విక్ రిమూవల్ అని మైక్రోసాఫ్ట్ వాళ్లే పెట్టేశారు. మా సెంటర్‌లో పొద్దున్నుంచి రాత్రి దాకా జనం పెన్‌డ్రైవ్‌లు గుచ్చడం, లాగేయడం. కాపీ అయిపోయిందంటే లాగేయడమే.

రాయగడ_సర్వీస్ · 11:05

తమ్ముడూ, నువ్వన్నది సగం నిజం. మిగతా సగం తెలియకే డిస్కులు మా షాపుకి వస్తున్నాయి.

విండోస్ 10లో 1809 వెర్షన్, అంటే 2018 అక్టోబర్ అప్‌డేట్ నుంచి, బయటి డ్రైవ్‌లకి క్విక్ రిమూవల్ డిఫాల్ట్ అయింది. అంతకుముందు బెటర్ పెర్ఫార్మెన్స్ ఉండేది. ఆ పాత పద్ధతిలో విండోస్ రాయాల్సిన డేటాని ముందు మెమరీలో పెట్టుకుని, తర్వాత తీరిగ్గా డిస్క్‌కి ఎక్కిస్తుంది. కిరాణా కొట్లో అమ్మకాలు చిత్తు కాగితం మీద రాసుకుని, కొట్టు కట్టేముందు ఖాతా పుస్తకంలోకి ఎక్కించినట్టు. అందుకే కాపీ డబ్బా మాయమైనా పని ఇంకా మిగిలి ఉండొచ్చు. క్విక్ రిమూవల్‌లో ఈ దాచిపెట్టడం ఉండదు.

కానీ అది విండోస్ వైపు మాట మాత్రమే. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఒక ఫైల్ తెరిచి సగం రాసి ఆగితే, ఆ సగం ఫైల్‌ని క్విక్ రిమూవల్ పూర్తి చేయదు. పెన్‌డ్రైవ్‌లో తిరిగే భాగం ఏదీ లేదు, హార్డ్ డిస్క్‌లో పళ్లెం తిరుగుతూ ఉంటుంది, దాని మీద వెంట్రుకంత ఎత్తు కూడా లేకుండా, చదివే, రాసే హెడ్ తేలుతూ ఉంటుంది. కరెంటు ఒక్కసారిగా పోతే హెడ్ అప్పటికప్పుడు పక్కకి తప్పుకోవాలి. అలా తప్పుకున్న ప్రతిసారీ డిస్క్ స్మార్ట్ అనే తన సొంత ఆరోగ్య లెక్కల్లో రాసుకుంటుంది, పవర్ ఆఫ్ రిట్రాక్ట్ కౌంట్ అని కనపడుతుంది. ఎప్పుడో ఒకసారి జరిగితే ఏమీ కాదు. రోజూ అలాగే లాగితే డిస్క్ ఆయుష్షు తగ్గుతుంది.

పైగా ఎవరైనా స్పీడ్ కోసమని ఆ సెట్టింగ్ మార్చి ఉండొచ్చు. స్టూడియో అన్నా, మీరు ముందు అది చూడండి. డివైస్ మేనేజర్ తెరిచి, డిస్క్ డ్రైవ్స్‌లో మీ డిస్క్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, పాలసీస్ ట్యాబ్. బెటర్ పెర్ఫార్మెన్స్ ఉంటే క్విక్ రిమూవల్‌కి మార్చండి. ఆ మార్పు ఆ పోర్ట్‌కే గుర్తుంటుంది, డిస్క్ ఇంకో పోర్ట్‌లో పెడితే మళ్లీ చూసుకోవాలి.

గుణుపురం_స్టూడియో · 11:20

చూశానండి, బెటర్ పెర్ఫార్మెన్స్ మీదే ఉంది! సిస్టమ్ సెట్ చేసిన కుర్రాడు పెట్టి ఉంటాడు. మార్చేశాను. కానీ వాడుకలో ఉంది అనే మాట మాత్రం పోలేదు.

జయపురం_అకౌంట్స్ · 11:41

మాకూ ఇదే గొడవ ఉండేది. క్లయింట్ల అకౌంట్స్ డేటా అంతా ఎక్స్‌టర్నల్‌లో పెట్టుకునేవాళ్లం. సాఫ్ట్‌వేర్ మూసినా దాని సర్వీస్ వెనకాల నడుస్తూనే ఉండేది. ఇప్పుడు డేటా ల్యాప్‌టాప్‌లోనే ఉంచి, సాయంత్రం బ్యాకప్ మాత్రమే డిస్క్‌కి తీస్తున్నాం. ఆ రోజు నుంచి ఎజెక్ట్ ఎప్పుడూ మొరాయించలేదు.

రాయగడ_సర్వీస్ · 12:10

మంచి పద్ధతండీ. డిస్క్ మీద కూర్చుని పని చేసే సాఫ్ట్‌వేర్ ఏదైనా దాన్ని అంత తేలిగ్గా వదలదు.

స్టూడియో అన్నా, ఎవరు పట్టుకున్నారో ఊహించక్కర్లేదు, విండోసే రాసి పెడుతుంది. ఇలా చేయండి. ఎజెక్ట్ కొట్టండి, వద్దని చెప్పనివ్వండి. వెంటనే స్టార్ట్ మెనూలో ఈవెంట్ వ్యూయర్ అని వెతికి తెరవండి. ఎడమవైపు విండోస్ లాగ్స్, దాని కింద సిస్టమ్. పైన కొత్తగా పడ్డ వాటిల్లో కెర్నల్ పీఎన్‌పీ అనే పేరుతో, ఈవెంట్ ఐడీ 225 ఉన్న దాన్ని చూడండి. ఫలానా అప్లికేషన్, ఫలానా ప్రాసెస్ ఐడీ, ఈ డివైస్ తీయకుండా ఆపింది అని ఫైల్ పేరుతో సహా ఉంటుంది. ఆ పేరు ఇక్కడ రాయండి.

టాస్క్ మేనేజర్ తెరిచి ఉంటే ముందు అది మూసేయండి. ఒక్కోసారి డిస్క్‌ని పట్టుకున్నది అదే అవుతుంది.

గుణుపురం_స్టూడియో · 12:48

దొరికిందండీ! 225 అని రెండున్నాయి. ఒక దాంట్లో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తాలూకు ఎగ్జిక్యూటబుల్ పేరు ఉంది. మెయిన్ విండో మూసేసినా, వీడియోలకి ప్రివ్యూలు తయారుచేసే ప్రాసెస్ వెనకాల బతికే ఉంది. టాస్క్ మేనేజర్‌లోకి వెళ్లి దాన్ని ఆపి, టాస్క్ మేనేజర్ మూసేశాను.

ఇంకోదాంట్లో మాత్రం సిస్టమ్ అని, ప్రాసెస్ ఐడీ 4 అని ఉంది. దాన్ని ఆపొచ్చా?

రాయగడ_సర్వీస్ · 12:55

వద్దు, దాని జోలికి పోవద్దు. ఐడీ 4 అంటే విండోస్ గుండెకాయే. దాని పేరు పడిందంటే, విండోస్ ఇంకెవరి తరఫునో ఆ డిస్క్‌ని తెరిచి పెట్టిందని అర్థం. ఆ డిస్క్‌లో ఫోల్డర్ ఏదైనా నెట్‌వర్క్‌లో షేర్ చేశారా? కౌంటర్ మీద ఇంకో సిస్టమ్ ఉంటుందిగా స్టూడియోల్లో.

గుణుపురం_స్టూడియో · 13:15

మీరెలా కనిపెట్టారండీ! అవును, కస్టమర్లు ఫొటోలు సెలెక్ట్ చేసుకోడానికి కౌంటర్ సిస్టమ్‌కి షేర్ ఇచ్చాం. అక్కడ ఒక ఫొటో పెద్దది చేసి అలాగే వదిలేశారు.

రాయగడ_సర్వీస్ · 13:22

అదే సంగతి. కౌంటర్‌లో ఫొటో మూయించండి. ఇంకా తేలకపోతే ల్యాప్‌టాప్‌లో కంప్యూటర్ మేనేజ్‌మెంట్ తెరిచి, షేర్డ్ ఫోల్డర్స్ కింద ఓపెన్ ఫైల్స్ చూడండి. ఎవరు ఏ ఫైల్ తెరిచారో వరసగా ఉంటుంది. అటువైపు ఎవరూ రాస్తూ లేరని ఖాయం చేసుకున్నాకే అక్కడినుంచి మూయండి.

షేరింగ్ లేకపోయినా ఐడీ 4 కనిపిస్తే, డిస్క్ మీద పేజ్ ఫైల్ (మెమరీ చాలనప్పుడు విండోస్ వాడుకునే ఫైల్) పెట్టారేమో, యాంటీవైరస్ స్కాన్ నడుస్తోందేమో చూడాలి. ఏదీ అంతుపట్టనప్పుడు సైన్ అవుట్ చేసి మళ్లీ లోపలికి వచ్చి ఎజెక్ట్ కొట్టండి. అప్పటికీ వినకపోతే కంప్యూటర్‌ని షట్‌డౌన్ చేసి, లైట్లన్నీ ఆరాక తీగ తీయండి.

పర్లాకిమిడి_మాస్టారు · 14:30

షట్‌డౌన్ అనగానే ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి బాబూ, ఇది చాలామందికి తెలియదు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే మనం షట్‌డౌన్ నొక్కినా అది పూర్తిగా ఆగదు. మన ప్రోగ్రాములు మూసేస్తుంది గానీ, విండోస్ తన లోపలి స్థితిని అలాగే దాచిపెట్టి నిద్రపోతుంది. డ్రైవ్‌ల గురించి తాను గుర్తు పెట్టుకున్నదీ అందులోనే ఉంటుంది. అలాంటప్పుడు డిస్క్ తీసి ఇంకో కంప్యూటర్‌లో పెట్టి ఏదైనా రాసి, మళ్లీ తెచ్చి ఇక్కడ తగిలిస్తే, రెండు లెక్కలూ కలవవు.

నేను లైనక్స్ వాడతాను. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష మీద పనిచేసిన ఊరు మాది, ఆ కాలం నాటి తెలుగు, సవర కాగితాల స్కానింగులు ఒక డిస్క్‌లో దాచుకుంటున్నాను. స్నేహితులు విండోస్‌లోంచి తీసిచ్చిన డిస్క్‌ని లైనక్స్‌లో పెడితే, విండోస్ హైబర్నేట్ అయి ఉంది (అంటే పూర్తిగా ఆగకుండా నిద్రలో ఉంది), రాయనివ్వను, చదువుకోడానికి మాత్రం ఇస్తాను అంటుంది. అది లోపం కాదు, జాగ్రత్త. బలవంతంగా రాయించే దారులు నెట్‌లో చెబుతారు, వాటి జోలికి వెళ్లకండి. అదే విండోస్‌లో మళ్లీ పెట్టి, సరిగ్గా ఎజెక్ట్ చేసి తెచ్చుకుంటే లైనక్స్ చక్కగా తెరుస్తుంది.

పూర్తిగా ఆగాలంటే షిఫ్ట్ కీ నొక్కి ఉంచి షట్‌డౌన్ కొట్టండి. లేదా కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసేయండి. రీస్టార్ట్‌కి ఈ బాధ లేదు, అది ఎప్పుడూ పూర్తిగానే ఆగి లేస్తుంది.

కాశీనగర్_నెట్‌సెంటర్ · 14:52

ఈ ఫాస్ట్ స్టార్టప్ సంగతి నేనెప్పుడూ వినలేదు మాస్టారూ. సెంటర్‌లో అన్ని సిస్టమ్‌లకీ ఇవాళే తీసేస్తాను.

బరంపురం_మెడికో · 15:10

మ్యాక్ వాళ్లకి కూడా కొంచెం చెప్పండన్నా. మూత వేసి మళ్లీ తెరిస్తే డిస్క్ సరిగ్గా ఎజెక్ట్ కాలేదని నోటిఫికేషన్ వస్తోంది, నేను ముట్టుకోకపోయినా. హబ్‌లో పెడుతున్నాను.

పర్లాకిమిడి_మాస్టారు · 15:25

హబ్ లేకుండా నేరుగా పెట్టి చూడు నాయనా. నిద్రలోకి వెళ్లినప్పుడు హబ్‌కి కరెంటు తగ్గితే డిస్క్ ఊడిపోయినట్టే లెక్క. మూత వేసేముందు ఫైండర్‌లో ఎజెక్ట్ చేసుకో. మళ్లీ కావాలంటే, డిస్క్ యుటిలిటీలో అది ఇంకా కనపడుతుంటే తీగ పీకక్కర్లేదు, దాన్ని ఎంచుకుని మౌంట్ నొక్కితే చాలు. ఈ విషయంలో విండోస్ కన్నా మ్యాక్ నయం.

ఇంకోటి. మ్యాక్‌కీ విండోస్‌కీ పనికొస్తుందని చాలామంది ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్ పెడతారు. అది రెండింట్లోనూ రాస్తుంది. కానీ ఎన్‌టీఎఫ్‌ఎస్‌కి ఉన్నట్టు జర్నల్, అంటే చేయబోయే మార్పులు ముందే రాసుకునే చిట్టా, దానికి లేదు, అంటే మధ్యలో ఊడితే తనంతట తాను సర్దుకునే శక్తి తక్కువ. ఎక్స్‌ఫ్యాట్ డిస్క్‌ని ఎజెక్ట్ చేయకుండా ఎప్పుడూ లాగవద్దు. లైనక్స్‌లో ఎలాగూ అన్‌మౌంట్ (ఎజెక్ట్ లాంటిదే) చేయకుండా నేను దేన్నీ తీయను.

గుణుపురం_స్టూడియో · 16:40

కౌంటర్‌లో ఫొటో మూయించగానే ఎజెక్ట్ అయింది! ఎంత హాయిగా ఉందో. రాయగడ అన్నకి చాలా థ్యాంక్స్.

ఇప్పుడు రెండోది. మా తమ్ముడు ఇంకో పెళ్లి ఫోల్డర్ వేయాలన్నాడు. డిస్క్ తగిలించే ఉంది, కనపడదు. ప్రతిసారీ తీగ పీకి పెట్టాల్సిందేనా? ఆ సాకెట్ ఇప్పటికే కొంచెం కదులుతోంది.

రాయగడ_సర్వీస్ · 17:05

పీకి పెట్టడమే విండోస్ కోరుకునేది. డివైస్ మేనేజర్ తెరిస్తే ఆ డివైస్ పక్కన పసుపు గుర్తు ఉంటుంది. దాని ప్రాపర్టీస్‌లో కోడ్ 47 కనపడుతుంది: దీన్ని తీయడానికి సిద్ధం చేశాను, కానీ ఇంకా తీయలేదు అని. డిస్క్ పాడైందనుకోకండి.

పీకకుండా తేవాలంటే, యూనివర్సల్ సీరియల్ బస్ కంట్రోలర్స్ కింద మాస్ స్టోరేజ్ డివైస్ మీద రైట్ క్లిక్ చేసి డిసేబుల్, మళ్లీ ఎనేబుల్. కొత్త రకం డిస్కులైతే స్టోరేజ్ కంట్రోలర్స్ కింద యూఎస్‌బీ అటాచ్డ్ ఎస్‌సీఎస్‌ఐ అనే పేరుతో ఉంటాయి, అక్కడ చేయండి. ఏది మీదో తెలియకపోతే రీస్టార్ట్ ఇవ్వండి. కీబోర్డూ మౌసూ ఉన్న హబ్‌ని మాత్రం డిసేబుల్ చేయకండి, తర్వాత ఎనేబుల్ నొక్కడానికి మౌస్ ఉండదు.

కదులుతున్న సాకెట్ గురించి. మీ డిస్క్ వైపు ఉన్నది వెడల్పాటి మైక్రో బీ రకం కదా, చిన్నదీ పెద్దదీ రెండు ముక్కలు పక్కపక్కన అతికినట్టు ఉంటుంది. అది ఆ డబ్బాలో అన్నిటికన్నా బలహీనమైన చోటు. తీగని పట్టుకుని లాగకూడదు, ప్లగ్ ఒళ్లు పట్టుకుని తిన్నగా బయటికి తీయాలి. పైకీ కిందికీ ఆడిస్తే లోపల బోర్డు మీద టాకా వదిలేస్తుంది. ఎజెక్ట్ అయ్యాక కూడా వెంటనే చేతిలోకి తీసుకోకండి. డబ్బా మీద వేలు ఆనిస్తే సన్నటి వణుకు తెలుస్తుంది, తీగ తీశాక అది క్రమంగా తగ్గి ఆగిపోతుంది. అప్పుడు కదపండి.

జయపురం_అకౌంట్స్ · 17:30

వాడుకలో ఉంది అన్నప్పుడు డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆఫ్‌లైన్ కొట్టి తీసేయమని చాలాచోట్ల చెబుతారు. అది పనిచేస్తుంది గానీ ఒక చిక్కుంది. అదే కంప్యూటర్‌లో మళ్లీ పెట్టినప్పుడు ఆఫ్‌లైన్‌గానే ఉండిపోతుంది. మా ఆఫీసులో డిస్క్ చచ్చిపోయిందని గగ్గోలు పెట్టారు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి, ఎడమవైపు డిస్క్ పేరున్న బూడిద రంగు గడి మీద రైట్ క్లిక్ చేసి ఆన్‌లైన్ కొడితే వచ్చేసింది.

అక్కడే ఇంకోటి చూడండి. డిస్క్ ఆరోగ్యంగా ఉందని రాసి, డ్రైవ్ అక్షరం మాత్రం లేకపోతే, రైట్ క్లిక్ చేసి చేంజ్ డ్రైవ్ లెటర్‌లో ఏదైనా అక్షరం ఇవ్వండి. నెట్‌వర్క్ డ్రైవ్ అదే అక్షరం మీద కూర్చుంటే ఇలా అవుతుంది. పీ లాంటి వెనకటి అక్షరం ఇచ్చేస్తే గొడవ రాదు.

గుణుపురం_స్టూడియో · శనివారం ఉదయం 9:20

తమ్ముడు నిన్న విశాఖ చేరాడు. ఇప్పుడే ఫోన్. డిజైనర్ దగ్గర డిస్క్ పెడితే, వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని అడుగుతోందట! ఎవరైనా ఉన్నారా?

రాయగడ_సర్వీస్ · 9:24

ఫార్మాట్ నొక్కవద్దని ముందు చెప్పండి. క్యాన్సిల్ కొట్టమనండి. వెంటనే ఈ మూడూ అడగండి: ఏ పోర్ట్‌లో పెట్టారు, ఏ కేబుల్, డిస్క్ దగ్గర టిక్కు టిక్కు చప్పుడు వస్తోందా?

పర్లాకిమిడి_మాస్టారు · 9:31

చెక్‌డిస్క్ కూడా ఇప్పుడే నడపవద్దనండి బాబూ. అది ఫైల్ వ్యవస్థని సరిదిద్దుతుంది గానీ, డిస్క్ జబ్బుపడి ఉంటే ఆ సరిదిద్దడమే భారం అవుతుంది. ముందు ఫైళ్లు బయటికి వస్తాయేమో చూడాలి.

గుణుపురం_స్టూడియో · 9:38

డెస్క్‌టాప్ సీపీయూ ముందువైపు పోర్ట్, దానికి ఒక ఎక్స్‌టెన్షన్ తీగ. అవును, ఆగి ఆగి టిక్కుమంటోందట.

రాయగడ_సర్వీస్ · 9:45

ఎక్స్‌టెన్షన్ తీసేసి, సీపీయూ వెనకవైపు మదర్‌బోర్డు మీదే ఉన్న నీలం పోర్ట్‌లో, డిస్క్‌తో వచ్చిన పొట్టి కేబుల్‌తో పెట్టమనండి. అడాప్టర్ లేని డిస్క్ మొత్తం కరెంటు పోర్ట్ నుంచే తాగాలి. యూఎస్‌బీ 2.0 ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లు, 3.0 అయితే 900. ముందు పోర్ట్‌కి లోపల ఒక తీగ, బయట ఇంకో తీగ, దారిలోనే వోల్టేజ్ పడిపోతుంది. పళ్లెం తిరగడానికి పూనుకుని, చాలక ఆగి, మళ్లీ మొదలుపెడుతుంది. ఆ టిక్కు అదే కావచ్చు. చదవలేకపోతే విండోస్‌కి ఫార్మాట్ లేనట్టే కనపడుతుంది.

వెనక పోర్ట్‌లో కూడా టిక్కుమంటే వెంటనే తీసేయాలి. అప్పుడు మళ్లీ మళ్లీ పెట్టి చూడటం మంచిది కాదు, డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికే తీసుకెళ్లాలి.

కాశీనగర్_నెట్‌సెంటర్ · 9:50

అన్నా, చూస్తూ ఉంటాం, ఏమైందో రాయండి. కెమెరా కార్డులు ఇంకా చెరపలేదు కదా?

గుణుపురం_స్టూడియో · 10:22

వచ్చేసిందండీ! వెనక పోర్ట్, పొట్టి కేబుల్. టిక్కు లేదు. ఫోల్డర్లన్నీ కనపడుతున్నాయి. డ్రైవ్‌లో లోపం ఉంది, స్కాన్ చేసి సరిచేయమంటారా అని ఒక డబ్బా వచ్చిందట, మాస్టారు చెప్పినట్టు అది మూసేసి, ముందు రెండు పెళ్లిళ్లూ వాళ్ల సిస్టమ్‌లోకి కాపీ పెట్టారు. మొదటి పెళ్లి అయిపోయింది, రెండోది నడుస్తోంది.

తమ్ముడూ, ఒక కార్డు ఉంది, ఇంకోటి చెరిపేసి వేరే పెళ్లికి వాడేశాం. ఇవాళ్టి నుంచి ఆల్బమ్ చేతికొచ్చేదాకా ఏ కార్డూ చెరపం.

రాయగడ_సర్వీస్ · 10:30

చాలా సంతోషం. రెండోది కూడా పూర్తిగా దిగాక, కొన్ని వీడియోలు అక్కడక్కడా తెరిచి ఆడించి చూడమనండి. అప్పుడు ఆ స్కాన్‌కి సరే అనొచ్చు. డిస్క్ గుణుపురం తిరిగొచ్చాక డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వేసి స్క్రీన్ ఇక్కడ పెట్టండి. 05, సీ5, సీ6 వరసల్లో (డిస్క్ మీద చెడిన, అనుమానపు చోట్ల లెక్క) ముడి విలువ సున్నాలు ఉంటే తప్పు కేబుల్‌దేనని అనుకోవచ్చు. సీ5లో సున్నా కాక ఇంకేమైనా ఉంటే ఆ డిస్క్‌ని కొత్త పెళ్లిళ్లకి వాడకండి, నాకు ఫోన్ చేయనక్కర్లేదు, ఇక్కడే రాయండి, మిగతావాళ్లకీ పనికొస్తుంది.

గుణుపురం_స్టూడియో · 10:41

తప్పకుండా అన్నా. సోమవారం పాసింజర్‌లో తమ్ముడు వస్తున్నాడు, ఆ సాయంత్రం స్క్రీన్ పెడతాను. ఎజెక్ట్ చేసి, వణుకు ఆగాకే సంచిలో పెట్టమని ఇప్పుడే చెప్పాను.